లెన్సుల విషయంలో మా వైపు జరిగిన తప్పు, ఇక మీదట మా షాపులో మారేవి

మన షాపులో కాంటాక్ట్ లెన్సులు కొనేవాళ్లందరికీ ఇది. కళ్లజోడు మాత్రమే వాడేవాళ్లు వదిలేయొచ్చు. కానీ ఇంట్లో లెన్సులు పెట్టుకునే పిల్లలుంటే ఒకసారి చదివించండి.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారానికి ఒకమ్మాయి షాపుకి ఫోన్ చేసింది. రెండేళ్లుగా మన దగ్గరే నెలకో జత మార్చే లెన్సులు తీసుకుంటోంది. పవర్ రెండు కళ్లకీ మైనస్ మూడున్నర. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కుడి కన్ను ఎర్రబడింది, నీళ్లు కారుతున్నాయి, వెలుతురు చూడలేకపోతున్నాను, ఏం చేయమంటారు అని అడిగింది. నేను భోజనానికి ఇంటికెళ్లాను. ఫోన్ తీసిన మా కుర్రాడు, "ఏం కాదు మేడమ్, లెన్స్ తీసి సొల్యూషన్‌తో బాగా కడగండి, ఇవాళ్టికి వదిలేసి రేపు పెట్టుకోండి" అన్నాడు. సొల్యూషన్ అంటే లెన్సులు కడిగి నానబెట్టే మందునీళ్లు.

ఆ మాట చాలా తప్పు. కుర్రాణ్ణి తీసేయమని తెలిసినవాళ్లు ఒకరిద్దరు అన్నారు. తీసేయను. వాడికి పని నేర్పింది నేను. షాపు రద్దీగా ఉన్నప్పుడు ఆ ఫోన్ నేనే తీసినా దాదాపు అదే చెప్పి ఉండేవాణ్ణి. ఆ అమ్మాయినీ వాళ్లమ్మగారినీ అడిగాకే ఇది రాస్తున్నాను. రాయండి, పేరు మాత్రం వద్దు అన్నారు.

మర్నాడు ఆ పిల్ల మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుంది. అవి స్టీరాయిడ్ కలిసిన చుక్కలని తర్వాత తెలిసింది. స్టీరాయిడ్‌తో ఎరుపు తగ్గుతుంది, తగ్గిపోతోందని మనం అనుకుంటాం, లోపల సూక్ష్మజీవికి అడ్డు ఉండదు. మూడో రోజు మన ఊరు తెనాలి వచ్చేసరికి కన్ను తెరవలేకపోతోంది. వాళ్లమ్మగారు ఆసుపత్రికి కాదు, సరాసరి మా షాపుకి తీసుకొచ్చారు. "మీ దగ్గరే కదండీ కొన్నాం, మీరే చూడండి" అన్నారు. నేను డాక్టర్ని కాను, పవర్ చూసి అద్దాలు బిగించేవాణ్ణి. అయినా టార్చి వేస్తే నాక్కూడా కనబడింది. నల్లగుడ్డు మీద, మధ్య భాగానికి కాస్త కింద, నూకగింజంత తెల్ల మచ్చ.

అప్పటికప్పుడు కారు మాట్లాడి విజయవాడ పంపించాను. అక్కడ మచ్చ మీంచి కొంచెం గీకి పరీక్షకు పంపారు, లెన్సులూ డబ్బా కూడా తీసుకున్నారు. సూడోమోనాస్ అనే బాక్టీరియా అని తేలింది. తడి ఎక్కడుంటే అక్కడ బతికే రకం. సింకులో, కుళాయి మూతిలో, లెన్స్ డబ్బాలో. లెన్సులు వాడేవాళ్ల కళ్లలో పుండు పడేది ఎక్కువగా దీనివల్లే. వదిలేస్తే రెండు మూడు రోజుల్లో నల్లగుడ్డుకు చిల్లు పెట్టేయగలదు. మొదటి రెండు రోజులు పగలూ రాత్రీ గంట గంటకీ చుక్కలు వేశారు. రాత్రంతా ఫోన్లో అలారం పెట్టుకుని ఆ తల్లే వేసింది. కన్ను దక్కింది. కానీ పుండు మానిన చోట మచ్చ మిగిలింది, మన పెద్దవాళ్లు కంట్లో పువ్వు అంటారే, అది. అద్దాలు పెట్టినా ఆ కంటితో బోర్డు మీద కింది రెండు లైన్లు ఇప్పుడు చదవలేకపోతోంది.

కారు వచ్చేలోపు వాళ్లమ్మగారి సంచిలోంచి లెన్స్ డబ్బా తీసి చూశాను. మూత తిప్పుతుంటే మరల్లో ఏదో జిగురుగా తగిలింది. గోటితో గీస్తే పచ్చగా, నాచులాంటి పొర వచ్చింది. లోపల నీళ్లు కొద్దిగా మసకగా ఉన్నాయి, సొల్యూషన్‌కి ఉండే ఆ సన్నటి నురగ లేదు. అడిగితే చెప్పింది: సొల్యూషన్ అయిపోయింది అంకుల్, పరీక్షలని బయటికి వెళ్లడం కుదరలేదు, హాస్టల్లో మినరల్ వాటర్ క్యాన్ ఉంది కదా, మంచినీళ్లే కదా అని పోశాను. వారం రోజులు అలాగే నడిచింది. ఆ డబ్బా మేం రెండేళ్ల కింద మొదటి జతతో ఇచ్చిందే.

మంచినీళ్లు తాగడానికి మంచివి. లెన్స్ కి కావు. ఇది ఆ పిల్లకి మేం చెప్పామా అంటే, రెండేళ్ల కింద పావుగంటలో చెప్పిన పది మాటల్లో ఒకటిగా చెప్పే ఉంటాం. తర్వాత ప్రతిసారీ వాట్సాప్‌లో పవర్ పెట్టడం, మేం బాక్సు ప్యాక్ చేసి బస్సుకి వేయడం, అంతే. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ కన్ను మేం చూడలేదు. గాజులు అమ్మినట్టు అమ్మాం. గాజులకైనా చేతి సైజు అడుగుతారు.

నీళ్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. కుళాయి, బోరు, బావి, కాలవ, స్విమ్మింగ్ పూల్, దేంట్లోనైనా అకాంతమీబా అనే ఒక రకం అమీబా ఉండొచ్చు. చుట్టూ గట్టి పెంకు కట్టుకుని ముడుచుకుపోతుంది కాబట్టి కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్‌కి కూడా చావదు. కంట్లో పట్టిందంటే పైకి కనబడే దానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఉంటుంది, మందు నెలల తరబడి వేయాలి. పడమటి దేశాల్లో ఇది ఎక్కువగా లెన్సులు వాడేవాళ్లకే వస్తుంది. మన దగ్గర లెన్స్ ముఖం చూడనివాళ్లకీ వస్తుందని, కంట్లో దుమ్ము, మురికినీళ్లు పడటమే ఎక్కువగా కారణమని హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఎప్పుడో రాశారు. అంటే మన చుట్టూ నీళ్లలో అది ఉంది. దానికి తోడు మెత్తటి లెన్స్, నీటిని స్పాంజిలా పీల్చి గంటల తరబడి కంటికి అంటించి పెడుతుంది. అందుకే లెన్సులతో తలస్నానం చేయొద్దు, ఈత వద్దు, నదిలో మునక అసలే వద్దు. చేతులు సబ్బుతో కడుక్కున్నాక పొడి గుడ్డతో తుడుచుకుని అప్పుడు లెన్స్ ముట్టుకోండి.

నిద్ర సంగతి కూడా. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకి రక్తనాళాలు ఉండవు, గాలిలోంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. రెప్ప మూస్తేనే అది తగ్గుతుంది, మధ్యలో లెన్స్ ఉంటే ఇంకా తగ్గి ఆ పొర బలహీనపడుతుంది. 2008లో అచ్చయిన ఆస్ట్రేలియా పరిశోధనలో, మెత్తటి లెన్సులు పగలు మాత్రమే వాడేవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో ఇద్దరికి ఇలాంటి పుండు పడితే, పెట్టుకునే నిద్రపోయేవాళ్లలో దాదాపు 20 మందికి పడింది. హైదరాబాద్ నైట్ బస్సు ఎక్కేవాళ్లు బస్టాండుకి రాకముందే తీసేసి కళ్లజోడు పెట్టుకోండి. లెన్స్ వాడేవాళ్లకి పనికొచ్చే కళ్లజోడు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఇది అద్దాల అమ్మకం కోసం చెప్తున్నానని అనుకుంటే అనుకోండి.

సొల్యూషన్ దగ్గర పిసినారితనం వద్దు. పాతదాని మీద కొత్తది పోయడం చాలామందికి అలవాటు. 2006లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది, ఫ్యుజేరియం అనే ఫంగస్‌తో చాలామంది కళ్లు దెబ్బతిన్నాక. అది వాడినవాళ్లలోనూ, పాతది పారబోయకుండా పైన పోసుకునే అలవాటున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారని అప్పట్లో తేలింది. రోజూ డబ్బా ఖాళీ చేయండి, లోపల సొల్యూషన్‌తోనే కడిగి, శుభ్రమైన టిష్యూ మీద బోర్లించి ఆరనివ్వండి. లెన్స్‌ని అరచేతిలో పెట్టి వేలితో రుద్దండి. "నో రబ్", అంటే రుద్దక్కర్లేదు అని సీసా మీద రాసున్నా రుద్దండి.

ఇక మేం మార్చేవి. ఆరు నెలలుగా షాపుకి రానివాళ్లకి వాట్సాప్ మీద లెన్సులు పంపం. ఒకసారి వచ్చి కన్ను చూపించి, నా ముందు లెన్స్ తీసి పెట్టి చూపించాలి. దీనికి డబ్బులు తీసుకోం. కలర్ లెన్సులు బ్యూటీషియన్లకి అమ్మడం పూర్తిగా మానేశాం. ఒక్కో పెళ్లిళ్ల సీజన్‌కి పది పన్నెండు జతలు పోయేవి. ఒకే జత ఇద్దరు పెళ్లికూతుళ్లకి పెట్టారని ఈమధ్య తెలిసి ఒళ్లు జలదరించింది. పవర్ లేకపోయినా అది కంటికి అంటుకునే వస్తువే. పెళ్లికూతురే వచ్చి కొలత ఇచ్చి నేర్చుకుని వెళితే ఇస్తాం. ఎప్పుడో ఫంక్షన్లకి మాత్రమే పెట్టుకునేవాళ్లకి, రోజుకో జత వాడి పారేసే రకమే మంచిది. రెండు కళ్లకీ కలిపి రోజుకు 100 రూపాయల దాకా పడుతుంది, కానీ సొల్యూషన్ లేదు, డబ్బా లేదు. సొల్యూషన్ అమ్మకం తగ్గితే మాకు తగ్గనీ.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, వెలుతురు గుచ్చుకున్నా మాకు ఫోన్ చేయకండి. చేసినా మా కుర్రాడు ఇప్పుడు ఒకే మాట చెప్తాడు: వెంటనే లెన్స్ తీసేయండి, పారేయకండి, డబ్బాతో సహా కవర్లో వేసుకుని ఈరోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆదివారమైనా సరే. చనుబాలు, ఆముదం, పక్కింటివాళ్ల చుక్కలు ఏవీ వేయకండి. కళ్లకలకే అయ్యుంటుందిలే అని మీరే తేల్చుకోకండి. నేనూ తేల్చను.

లెన్స్ డబ్బా మూడు నెలలకోసారి మార్చాలి. మీ పాత డబ్బా తెచ్చి చూపిస్తే కొత్తది ఊరికే ఇస్తాం, మన దగ్గర కొనకపోయినా సరే. మూత పోయినా, మరల్లో నాచు ఉన్నా మొహమాటపడకండి. ఈ పది రోజుల్లో ముప్పై దాకా వచ్చాయి, శుభ్రంగా ఉన్నవి నాలుగు.