ఇప్పటి పాటల్లో పస లేదా, నువ్వు వెతికే దారి సరిగ్గా లేదా?

చిన్నా,

"ఇప్పటి పాటల్లో పస లేదు, అన్నీ ఒకేలా ఉంటున్నాయి, కొత్తవి విందామంటే యాప్ విన్నవే తిప్పితిప్పి వినిపిస్తోంది" అని రాశావు. ఇరవై ఏళ్లకే ఈ మాటా! ఇవి మూడు వేర్వేరు ఫిర్యాదులు, నువ్వు మూడింటినీ ఒకే గాటన కట్టేశావు. ఫోన్లో చెప్తే సగంలోనే "సరేలేమ్మా" అంటావని ఉత్తరం రాస్తున్నా.

ముందు పస సంగతి. పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు గానీ, పాటల దగ్గరికొచ్చేసరికి ఆ సామెత తిరగబడుతుంది. కవులు పాత బాణీలన్నీ కలగాపులగం చేసేశారని, చప్పట్లు కొట్టే జనమే న్యాయనిర్ణేతలైపోయారని గ్రీకు తత్వవేత్త ప్లేటో దాదాపు 2,400 ఏళ్ల కిందటే వాపోయాడు. నువ్వు దేన్ని దేనితో పోలుస్తున్నావో ఒకసారి చూసుకో. 1960ల పాటల్లో నీ దాకా వచ్చినవి అరవై ఏళ్లుగా జల్లెడ పట్టగా మిగిలినవి. ఈ వారం విడుదలైనవాటిని ఇంకా ఎవరూ జల్లించలేదు. నమ్మకం కుదరకపోతే, బిల్‌బోర్డ్ పత్రిక ఏడాది చివర వేసే వంద పాటల పట్టికల్లో 1960లదొకటి తీసుకో. మొదటి పదీ వదిలేసి 40 నుంచి 60 దాకా వరసగా విను. రెండోసారి వినాలనిపించినవి ఎన్నో లెక్కపెట్టి, తర్వాత పోయిన ఏడాది పట్టికలో అవే స్థానాలు విను. పై పదితో పోలిస్తే ఏమీ తేలదు, ఎందుకంటే పాత పట్టికలో ఆ పదీ నీకు ముందే అలవాటైన పాటలు.

మా తరం ఇచ్చే తీర్పుల్ని కూడా సగానికి సగం తగ్గించి తీసుకో. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో చూపించింది ఇదే: మనిషికి అన్నిటికన్నా నచ్చే పాటలు తనకు దాదాపు 24 ఏళ్లప్పుడు జనంలో ఉన్నవి. నీకింకా ఆ వయసే రాలేదు.

"అన్నీ ఒకేలా" అన్నదాంట్లో కొంత నిజముంది. 2012లో స్పెయిన్‌లోని ఒక బృందం 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 రికార్డింగుల్ని కంప్యూటర్‌తో విశ్లేషించింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారుల్లో వైవిధ్యం తగ్గింది, వాయిద్యాల నాదం ఒక మూసలోకి వస్తోంది, మోత పెరుగుతోంది అని తేల్చింది. పేపర్లవాళ్లు వెంటనే "సంగీతం చచ్చిపోయింది" అన్నారు. మూడేళ్లకే లండన్ పరిశోధకులు 1960 నుంచి 2010 దాకా అమెరికా హిట్ పట్టికలోని సుమారు 17,000 పాటలు తీసుకుని చూస్తే, వైవిధ్యం ఆగకుండా తగ్గుతూ వచ్చిన దాఖలా కనబడలేదు. 1980ల మధ్యలో ఒకసారి బాగా పడిపోయి, మళ్లీ లేచింది. 1964, 1983, 1991ల్లో పెద్ద మలుపులు కనిపించాయి. అన్నిటికన్నా పెద్దది 1991 నాటి ర్యాప్, హిప్‌హాప్‌ల రాక. రెండు పరిశోధనలూ తప్పు కావు, ఎవరి కొలబద్ద వాళ్లది. "పరిశోధనలో తేలింది" అని ఎవరైనా అంటే ఏ పాటలు తీసుకున్నారు, ఏం కొలిచారు అని అడుగు.

మోత మాత్రం నువ్వే ఇంట్లో కొలుచుకోవచ్చు. సీడీలు వచ్చాక, ముఖ్యంగా 1990ల నుంచి, పక్క పాటకన్నా మనదే గట్టిగా వినిపించాలని మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు పాటకి చేసే చివరి మెరుగులో, శబ్దాన్ని నొక్కిపట్టే కంప్రెసర్, లిమిటర్ బిగించడం మొదలుపెట్టారు. డిజిటల్‌లో శబ్దానికి పైన ఒక గీత ఉంటుంది, దాన్ని దాటలేం. కాబట్టి గట్టిగా ఉన్నవాటిని నొక్కి, మెత్తగా ఉన్నవాటిని పైకి లాగుతారు. దాంతో డ్రమ్ము దెబ్బకీ గాయకుడి గుసగుసకీ మధ్య ఉండాల్సిన ఎడం పోతుంది. ఒక పాట 1980ల సీడీ నుంచి ఒక ఫైలు, అదే పాట తర్వాతి రీమాస్టర్ నుంచి ఇంకో ఫైలు సంపాదించి రెంటినీ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరువు, అది ఉచితమే. మొదటిదాని గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. మోత పెంచిన రీమాస్టర్ అయితే రెండోదాని పై అంచు, కింది అంచు కత్తిరించినట్టు సమంగా ఉంటాయి. వెంటనే వినేసి రీమాస్టరే బాగుందని తీర్పు చెప్పకు, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది. ఎఫెక్ట్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంటుంది, రెండు ఫైళ్లనీ -23 లఫ్స్‌కి (చెవికి వినిపించే మోతకి అదొక కొలత) తెచ్చి అప్పుడు పోల్చు. చాలాసార్లు పాతదాంట్లో స్నేర్ డ్రమ్ము ముందుకొచ్చి తగులుతుంది, కొత్తదాంట్లో పక్క వాయిద్యాల్లో కలిసిపోతుంది.

ఈ పోటీకి ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. స్పాటిఫై యాప్ మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ -14 లఫ్స్ దగ్గరికి తెస్తుంది, మోత ఎక్కువున్నదాన్ని అదే తగ్గించేస్తుంది. అయితే అది వాల్యూమ్ మీట మాత్రమే, నలిగిపోయిన దెబ్బను తిరిగి తేలేదు. "కొత్త పాటలు వింటే తలనొప్పి" అనేవాళ్ల బాధలో బాణీ పాత్రకన్నా ఈ నలుగుడు పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

పాట ఎత్తుగడ కూడా మారింది. ఓహియో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2017లో కొలిచారు: 1980ల మధ్యలో హిట్ పాటల్లో గొంతు రాకముందు వాయిద్యాలు సగటున 20 సెకన్లకు పైగా మోగేవి, 2015కి అది 5 సెకన్లకు పడిపోయింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క, ఈలోపు నువ్వు దాటేస్తే పాటగాడికి పైసా రాదు. అందుకే పల్లవి ఎగబడి ముందుకొస్తోంది. దీన్ని పతనం అనలేను. మూడు నిమిషాల పాట అనే కొలత పుట్టింది కూడా 78 ఆర్‌పీఎమ్ పది అంగుళాల రికార్డుకి ఒక పక్క అంతకన్నా ఎక్కువ పట్టకే. సరుకును మోసే సాధనం ఎప్పుడూ పాటను తన కొలతకి కత్తిరిస్తూనే ఉంది.

ఇక మూడో ఫిర్యాదు. నీ అసలు సమస్య ఇదే.

యాప్‌కి పాట నచ్చడం, నచ్చకపోవడం ఉండదు. నీలా వినేవాళ్లు ఇంకేం విన్నారు, ఏ పాటలు ఒకే ప్లేలిస్టులో పక్కపక్కన పడ్డాయి అని కోట్ల వరసల పట్టిక వేసుకుంటుంది. అందులో నీకు దగ్గరివాళ్లు విన్నది, నువ్వు విననిది తీసి ఇస్తుంది. ఈ పద్ధతికి పుట్టుకతో రెండు జబ్బులు. ఎవరూ వినని పాట గురించి పట్టికలో ఏమీ ఉండదు కాబట్టి అది పైకి రాదు. నలుగురు విన్నది ఎక్కువమందికి వెళ్తుంది, ఎక్కువమందికి వెళ్లింది కాబట్టి ఇంకా ఎక్కువమంది వింటారు. ఈ గుంపు ప్రభావాన్ని 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగంలో పట్టుకున్నారు. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, 14,000 మందికి పైగా జనాన్ని వేర్వేరు గుంపులు చేశారు. కొన్ని గుంపుల్లో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కనిపించేలా పెట్టారు. అవే పాటలు, కానీ ఒక్కో గుంపులో ఒక్కోటి హిట్టయింది. మరీ మంచివి అట్టడుగుకి పోవడం, మరీ చెత్తవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగొచ్చు. రోజుకు సుమారు లక్ష కొత్త ట్రాకులు స్ట్రీమింగ్‌కి ఎక్కుతున్నాయని పరిశ్రమ లెక్క. అందులో నీకు నచ్చేవి లేకపోవడం జరగని పని, అవి నీ దాకా రావట్లేదంతే.

డబ్బు సంగతీ తెలుసుకో. 1950ల్లో రేడియోవాళ్లకి లంచమిచ్చి పాటలు వేయించుకుంటే అమెరికాలో పెద్ద గొడవై, 1960లో చట్టం మార్చారు. స్పాటిఫై 2020లో డిస్కవరీ మోడ్ అని తెచ్చింది: రాయల్టీ కొంత తగ్గించుకోడానికి ఒప్పుకుంటే రేడియో, ఆటోప్లే లాంటి చోట్ల ఆ పాటకి మొగ్గు ఉంటుంది. ఇది దొంగచాటు వ్యవహారం కాదు, కంపెనీయే బయటికి చెప్పింది. కానీ "నీ కోసం" అని వచ్చిందల్లా నీ ఒక్కడి కోసమే అనుకోకు.

కాబట్టి ముందు స్పాటిఫై సెట్టింగుల్లోకెళ్లి, నీ పాటలు అయిపోగానే తనకి తోచినవి వేసే ఆటోప్లే ఆపెయ్. నిద్రకి పెట్టుకునే వాన చప్పుళ్లు, చదువుకునేటప్పటి బ్యాక్‌గ్రౌండ్ సంగీతం, స్నేహితులు నీ ఫోన్లో పెట్టే పాటలు అన్నీ నీ ఖాతాలోనే పడుతున్నాయి. అలాంటి ప్లేలిస్టుల్ని మూడు చుక్కల మెనూలో టేస్ట్ ప్రొఫైల్ (నీ అభిరుచి మీద యాప్ కట్టుకున్న లెక్క) నుంచి తీసెయ్, మిగతా సమయాల్లో ప్రైవేట్ సెషన్ పెట్టుకో. ఫలితం మర్నాడే రాదు, కొన్ని వారాలు పడుతుంది. యాప్ వారం వారం ఇచ్చే డిస్కవర్ వీక్లీ ప్లేలిస్టులో 30 పాటలుంటాయి, సోమవారం సోమవారం మారిపోతాయి. నచ్చింది అప్పుడే దాచుకోకపోతే మళ్లీ వెతుక్కోవడం కష్టం.

దానికన్నా మంచి దారి పేర్లు పట్టుకుని పోవడం. నీకు బాగా నచ్చిన పాట ఒకటి తీసుకుని, అందులో నిన్ను పట్టుకున్నదేమిటో ముందు తేల్చుకో: బేసా, డ్రమ్సా, మొత్తం ధ్వనిలోని ఒక మసకదనమా? రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైట్‌లో ఆ ఆల్బమ్ పేజీ తెరిస్తే ఎవరు ఏం వాయించారో, ఎవరు మిక్స్ చేశారో, ఏ లేబుల్ (రికార్డు కంపెనీ) వేసిందో కనిపిస్తుంది. ఒక్కో పేరు నొక్కితే ఆ మనిషి పనిచేసిన రికార్డులన్నీ వస్తాయి. అటూ ఇటూ ఐదేళ్లలో వచ్చినవి రెండు తీసుకుని, హిట్టు వదిలేసి మూడో ట్రాకు నుంచి విను. ఇక్కడ అందరూ చేసే పొరపాటు పెద్ద ప్రొడ్యూసర్ పేరు నొక్కడం. వందల రికార్డులొచ్చి పడతాయి, అన్నీ నీకు తెలిసినవే ఉంటాయి. బేస్ వాయించినవాడి పేరో, యాభై రికార్డులు కూడా వెయ్యని చిన్న లేబులో అయితే దారి సన్నగా, పనికొచ్చేలా ఉంటుంది. పాత ఆల్బమ్‌లకి ఈ వివరాలు బాగా ఉంటాయి, స్ట్రీమింగ్‌లో మాత్రమే వచ్చినవాటికి చాలాసార్లు ఖాళీ.

పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు కనిపిస్తాయి, ఒక బొమ్మ నొక్కితే ఆ మనిషి కొన్నవన్నీ వస్తాయి. డబ్బు పెట్టి కొన్నవాడి అభిరుచికి, ఊరికే లైకు కొట్టినవాడి అభిరుచికి తేడా ఉంటుంది. నీకిష్టమైన ఆల్బమ్‌లు రెండు మూడు ఉమ్మడిగా ఉన్న మనిషి దొరికితే వదలకు.

మనుషులు నడిపే రేడియో కూడా విను. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ, లండన్‌లో ఎన్‌టీఎస్ వేసిన పాటల పేర్లు సైట్‌లో పెడతాయి, అర్ధరాత్రి వచ్చిన షో మర్నాడు చూసుకోవచ్చు. పేరు లేనిచోట, మోగుతున్న పాట విని పేరు చెప్పే షాజమ్ యాప్ ఉంది గానీ దాని హద్దు తెలుసుకో. అది బాణీని గుర్తుపట్టదు, ఆ ఒక్క రికార్డింగు ధ్వనిలోని శిఖరాల అమరికను పోల్చుకుంటుంది. అందుకే కచేరీలో పాడినదాన్ని, ఇంకొకరు పాడినదాన్ని, డీజే వేగం మార్చినదాన్ని తరచూ పట్టుకోలేదు. బాణీ నోట్లో ఆడుతుంటే గూగుల్‌లో కూనిరాగం తీసి వెతుకు.

దారిలో దొంగ సరుకూ తగులుతుంది. తన దగ్గరికి రోజూ వచ్చే ట్రాకుల్లో 18 శాతం పూర్తిగా ఏఐ చేసినవేనని 2025 ఏప్రిల్‌లో డీజర్ అనే స్ట్రీమింగ్ కంపెనీ చెప్పింది. ఒక్క ఏడాదిలో పదుల ఆల్బమ్‌లు, క్రెడిట్లలో మనుషుల పేర్లు శూన్యం, ఎక్కడా ఒక్క కచేరీ లేదు: ఈ మూడూ కలిస్తే నీ టైం అక్కడ పెట్టకు.

వినే పద్ధతి ఒక్కటి మార్చుకో చిన్నా, ఫోన్ స్పీకర్ మీద తీర్పు చెప్పకు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకరేమో 200 కింద దాదాపు ఏమీ పలకదు. బేస్ గిటార్‌కైతే పై అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే ఇంకా పై స్థాయిలో మోగే ధ్వనులు) విని చెవి ఆ లోటు పూడ్చుకుంటుంది. డబ్, టెక్నో లాంటి శైలుల పాటల బేస్‌లో ఆ అనుస్వరాలే తక్కువ, పాటలో సగం మాయమైపోతుంది. నువ్వు "ఇందులో ఏముంది" అన్నవాటిలో కొన్ని ఇలా పోయినవే అయ్యుంటాయి, హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ విను. అలవాటు లేని శైలి అయితే ఒక్క వినికిడికి తోసెయ్యకు, రెండు మూడు రోజుల ఎడంతో మూడుసార్లు చాలు. పరిచయం పెరిగితే ఇష్టం పెరుగుతుందని జాయోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే చూపించాడు. మూడుసార్లకీ ఎక్కకపోతే మొహమాటం లేకుండా వదిలెయ్.

నెలకో ప్లేలిస్టు పెట్టుకో, 15 పాటలకి మించనివ్వకు, కొత్తది చేరాలంటే పాతదొకటి పోవాలి. ప్రతి పాట పక్కన అది ఎలా దొరికిందో నోట్‌లో రాసుకో: డిస్కాగ్సా, రేడియోనా, ఎవరైనా చెప్పారా, యాప్ ఇచ్చిందా అని. మూడు నెలలయ్యాక లెక్క చూసుకుని, ఏ దారిలో వచ్చినవి నిలవలేదో ఆ దారి మానెయ్. మొదటి నెలది నాకు పంపు, నోట్స్‌తో సహా.

ప్రేమతో,
అమ్మ