మీ నెత్తిన వేలాడే బరువు మాది: క్యాసెట్ ఏసీలు వేయించుకున్నవాళ్లకి ఒక మాట

శివరాత్రి వెళ్లింది. చలి శివశివా అనుకుంటూ పోయింది, ఫోన్లు మోగడం మొదలైంది. ఇంకో నెల గడిస్తే నెల్లూరులో ఏసీ మెకానిక్ దొరకడం పెళ్లిళ్ల రోజుల్లో పురోహితుడు దొరికినట్టే. ఆ తొందర మొదలవకముందే మీకు నేరుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

సీలింగ్‌లో బిగించే క్యాసెట్ ఏసీల పని ఇకమీదట ఒక్క పూటలో చేయం. రెండు రోజులు తీసుకుంటాం. బిగింపు చార్జీ యూనిట్‌కి 1,800 రూపాయలు పెంచాం. ఇదివరకు మేం బిగించిన ప్రతి క్యాసెట్‌నీ మళ్లీ వచ్చి చూస్తాం, దానికి రూపాయి కూడా తీసుకోం. ఇదంతా ఎందుకో తెలియాలంటే పోయిన కార్తీకంలో జరిగింది చెప్పాలి.

ట్రంకురోడ్డుకి దగ్గర్లో ఒక బట్టల కొట్టు. రెండేళ్ల కింద మేమే అక్కడ రెండు టన్నుల క్యాసెట్ పెట్టాం. ముసురు పట్టిన ఒక సాయంత్రం ఓనరు ఫోన్ చేశాడు. "అన్నా, ఏసీలోంచి నీళ్లు కారతా ఉండాయి. పైపు జామైనట్టుండాది, పిల్లోణ్ణి పంపించన్నా" అన్నాడు. పిల్లలెవరూ ఖాళీగా లేరు, నేనే వెళ్లాను.

నిచ్చెనెక్కి చూస్తే నీళ్లు ఒకే మూల నుంచి పడుతున్నాయి. ఆ మూలన ప్యానెల్‌కీ జిప్సం బోర్డుకీ మధ్య నా చూపుడు వేలు దూరేంత సందు ఉంది. ఎదురు మూలన కాగితం కూడా దూరదు. కింద నిలబడి చూస్తే ఇది తెలియదు. ప్యానెల్ ఊడదీసి టార్చి వేశాను. ఏసీని స్లాబుకి వేలాడదీసే ఆ మూల రాడ్డు పట్టుకుని ఊపితే చేతిలో ఆడింది. స్లాబు కన్నంలో బిగుసుకుని రాడ్డుని పట్టుకోవాల్సిన బోల్టు, అదే యాంకర్ ఫాస్టెనర్, అంగుళం మేర బయటికొచ్చింది. దాని చుట్టూ రాలిన ప్లాస్టరింగు పొడి ఏసీ మీద బూడిదలా పడి ఉంది. సరిగ్గా ఆ మూల కింద చీరలు పరిచి చూపించే పరుపు. నేను వెళ్లడానికి గంట ముందు దాకా ఒక కుటుంబం అక్కడే కూర్చుని పెళ్లి చీరలు ఏరుకున్నారట.

రెండు టన్నుల క్యాసెట్ ఇండోర్ బరువు ఇంచుమించు సగం సిమెంటు బస్తా. ప్యానెల్ ఇంకో అయిదారు కేజీలు. అది మనుషుల నెత్తిన నాలుగు రాడ్ల మీద వేలాడుతుంది. ఆ రోజు మూడు రాడ్ల మీదే వేలాడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ కన్నంలోనే కనిపించింది. డ్రిల్లు కొడుతుంటే లోపల కమ్మీ తగిలింది. కమ్మీ తగిలితే కన్నం అక్కడితో ఆపి పక్కన వేరే చోట కొట్టుకోవాలి, లేదా చిన్న ఇనుప చానల్ ముక్క వేసి రాడ్డు జరుపుకోవాలి. మా కుర్రాడు ఆ లోతులోనే ఫాస్టెనర్ పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు. పైన కనిపించే అర అంగుళం ప్లాస్టరింగు ఫాస్టెనర్ లోతు లెక్కలోకి రాదు, పట్టు మొత్తం కాంక్రీటులోనే దొరకాలి. దానికి దొరికిన కాంక్రీటు బొటనవేలు గోరంత. బ్లోయరు తిరిగినప్పుడల్లా సన్నగా అదురుతూ, రెండేళ్లలో కొంచెం కొంచెంగా బయటికి వచ్చేసింది. బిగించిన రోజు నేను ఇంకో సైటులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చల్లగాలి చూసుకుని బిల్లు రాసిచ్చానే గానీ నిచ్చెనెక్కి చూడలేదు. కుర్రాడికి ఎవరూ నేర్పకపోతే వాడికెలా తెలుస్తుంది? ఆ తప్పు నాదే. ఓనరుతో అదే మాట చెప్పాను. యూనిట్ దింపి నాలుగు మూలలా కొత్తగా బిగించి ఇచ్చాం.

ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తాను. మొదటి రోజు రాడ్లు, పైపులు మాత్రమే. కన్నం లోతు కొలిచి, ఊది పొడి తీసి, ఆ తర్వాతే ఫాస్టెనర్ దిగుతుంది. ప్రతి రాడ్డునీ యూనిట్ బరువుకి నాలుగింతలు పట్టే లెక్కన ఎంచుకుంటున్నాం. ఏసీ తగిలించకముందే రాడ్డుకి బరువు కట్టి రాత్రంతా వదిలేస్తున్నాం. రెండు రోజులు పట్టేది అందుకే. బ్రాకెట్‌కి పైన ఒక నట్టు, కింద రెండు, మధ్యలో వెడల్పు వాషర్లు. ఫాల్స్ సీలింగ్ మీద ఒక్క కేజీ కూడా ఆనదు. జిప్సం ఫ్రేముకి తీగలు కట్టి దాని మీద కూర్చోబెట్టమని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కోప్పడకండి, ఆ పని మేం చేయం.

పాత ఇళ్లవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. స్టోన్‌హౌస్‌పేటలో, పెద్దబజారులో, కాపువీధిలో ఇప్పటికీ మద్రాసు టెర్రస్ మిద్దెలున్నాయి. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన సున్నంలో నిలువుగా పేర్చిన ఇటుకలు. కింద ఫాల్స్ సీలింగ్ కట్టేస్తే పైన కాంక్రీటు స్లాబు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ ఇటుకల్లో యాంకర్ ఫాస్టెనర్ నిలబడదు, పైగా పాత సున్నం కదిలిపోతుంది. అలాంటి చోట గోడ నుంచి గోడకి ఇనుప చానల్ వేసి, దానికి రాడ్లు వేలాడదీస్తాం. వెల్డింగు ఖర్చు అదనం. గోడలు ఆ బరువు మోస్తాయా లేదా ఇంజినీరుకి చూపించాకే ఒప్పుకుంటాం. గోడకి పెట్టే స్ప్లిట్ ఏసీతో సరిపోయే గది అయితే స్ప్లిట్టే చెప్తాం, అందులో మాకు మిగిలేది తక్కువైనా సరే.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మాకొచ్చే కంప్లయింటుల్లో ఎక్కువ భాగం అదే. మనది సముద్రం గాలి తగిలే ఊరు, గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం తలుపులు తీసి పెట్టిన కొట్లో క్యాసెట్ గంటకి లీటర్ల లెక్కన నీళ్లు పిండుతుంది. ఆ నీళ్లు ట్రేలో పడి, ఒక మూలనున్న చిన్న పంపు దగ్గరికి వెళ్తాయి. పంపు వాటిని చాలా మోడళ్లలో 70, 80 సెంటీమీటర్ల దాకా పైకెత్తి డ్రెయిన్ పైపులో పోస్తుంది. అక్కణ్ణుంచి మీటరుకి ఒక సెంటీమీటరు వాలుతో బయటికి పోవాలి. యూనిట్ రసమట్టానికి సరిగ్గా ఉండాలి, లేదా పంపు మూల వైపు వెంట్రుకవాసి కిందికి ఉండొచ్చు. ఎదురు మూల దిగితే నీళ్లు పంపు దగ్గరికి చేరవు, ట్రే అంచు దాటి కారతాయి. ఆ బట్టల కొట్లో జరిగింది అదే. పైపు జామైందని పిల్లాణ్ణి పంపి, వాడు పైపు ఊది వచ్చేసి ఉంటే ఆ రాడ్డు సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదు.

అందుకే నీళ్లు కారితే మీరు చూడాల్సింది ఎక్కడ నుంచి అని. రెక్కల అంచుల వెంబడి చిన్న చిన్న బొట్లుగా చెమట పడితే అది తేమ. తలుపులు మూసి, 18లో పెట్టింది 24కో 25కో తెస్తే చాలావరకు తగ్గుతుంది. (2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా రావాలని ప్రభుత్వం నియమం పెట్టింది. కరెంటు ఆదాకే కాదు, ఈ చెమటకి కూడా అది మంచి అంకె.) ప్యానెల్ అన్ని వైపుల నుంచీ ధారగా పడితే, లేదా ఏసీ దానంతటదే ఆగిపోయి ఎర్రర్ చూపిస్తే ట్రేలో నాచు చేరి పంపు పట్టేసి ఉండొచ్చు. ఒకే మూల నుంచి కారుతుంటే, ఆ మూల సందు వెడల్పయితే, ఏసీ ఆపి, ఎంసీబీ (బోర్డులో ఏసీకి కరెంటు కట్ చేసే స్విచ్చు) దించి, ఏసీ కింద నుంచి మనుషుల్ని తప్పించి మాకు ఫోన్ చేయండి. చీపురుకట్టతో ప్యానెల్‌ని పైకి నెట్టకండి.

డ్రెయిన్ పైపుని బాత్రూం మురుగు లైనుకి నేరుగా కలపమని కొందరు అడుగుతారు, దగ్గరని. ఆ వాసన, ఆ ఆవిరి వెనక్కి ఏసీలోకి వస్తాయి, కాయిల్ తినేస్తాయి. దానికి మేం ఒప్పుకోం.

గ్యాస్ సంగతి. ఏటా గ్యాస్ ఎక్కించాలి అన్న మాట నమ్మకండి. పెట్రోల్ లాగా అది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, లీకు కట్టకుండా గ్యాస్ నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో ఆర్-32 అనే గ్యాస్ ఉంటోంది. పాత ఆర్-22 లాగా కాదు, దీనికి కొంచెం అంటుకునే గుణం ఉంది, పైగా గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగుతుంది. చిన్న గదిలో గ్యాస్ ఎక్కువుండే యూనిట్ పెట్టకూడదని కంపెనీ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మేం ఆ పట్టిక చూసే యూనిట్ సైజు చెప్తున్నాం. పైపులకి లీకు పరీక్ష నైట్రోజన్‌తోనే చేయాలి, తర్వాత లోపల గాలీ తేమా మిగలకుండా వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల కిందికి లాగాలి. ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పరీక్ష చేస్తామంటే దయచేసి గుమ్మంలోనే ఆపండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెకి తగిలితే పేలుతుంది. మనుషులు చచ్చిపోయే పని అది.

ఇంకొకటి, ట్రాప్ డోర్. పైపులు, పంపు, వైర్లు ఉన్న వైపు ఫాల్స్ సీలింగ్‌లో చెయ్యీ తలా పట్టేంత తలుపు లేకపోతే ఇకమీదట పని మొదలుపెట్టం. సీలింగ్ అందం పోతుందని ఇంటీరియర్ వాళ్లు అభ్యంతరం చెప్తారు, నాకు తెలుసు. కానీ ఆ తలుపు లేకే రెండేళ్లు ఆ ఫాస్టెనర్ మా కంట పడలేదు. ఇంకో చోట ఆ తలుపు తీసి చూస్తే ఎలుకలు వైరు రాగి కనబడేదాకా కొరికి ఉన్నాయి. అప్పట్నుంచి సీలింగ్ పైన వైరు మొత్తం పైపులోనే లాగుతున్నాం, మధ్యలో అతుకులు లేకుండా. ఏసీకి వేరే ఎంసీబీ, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే, షాక్ కొడితే వెంటనే కట్ చేసే స్విచ్చు) లేని చోట ముందు అవి వేయించుకోమంటాం. మైపాడు, కోడూరు వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్లకి రాడ్లు, నట్లు స్టెయిన్‌లెస్ స్టీలువే వేస్తాం. మామూలు ఇనుము ఆ ఉప్పుగాలికి ఎంతోకాలం ఆగదు.

మీరు చేసుకోగలిగింది ఒకటుంది. రెండు మూడు వారాలకోసారి ఫిల్టరు తీసి కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. ముందు ఎంసీబీ దించండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కొద్దు. కదలని నిచ్చెన, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఫిల్టరు దాటి లోపలికి చెయ్యి పెట్టకండి, నీళ్లు చిమ్మకండి. కాయిల్, ట్రే, పంపు ఏడాదికి రెండుసార్లు మేం కడుగుతాం, కొట్లకీ హోటళ్లకీ మూడుసార్లు. కొట్లవాళ్లకి ఇంకో విన్నపం. సంక్రాంతికీ దీపావళికీ ఆఫర్ బ్యానర్లు, తోరణాలు ఏసీ ప్యానెల్‌కి కట్టకండి. ప్యానెల్ బరువు మోయడానికి చేసింది కాదు.

ఇప్పటిదాకా మా పాత క్యాసెట్లలో సగానికి పైగా చూశాం. ఫాస్టెనర్ ఊడింది ఇంకెక్కడా కనబడలేదు. రెండు చోట్ల కింది నట్టు వదులైంది, బిగించాం. పొగతోట ఆసుపత్రుల్లో పని రాత్రి తొమ్మిది తర్వాతే పెట్టుకున్నాం, ఓపీ ఆగకుండా. వేదాయపాళెం, మాగుంట లేఅవుట్ వైపు ఈ నెలాఖరులోపు వస్తాం. కావలి, కందుకూరు, ఒంగోలువాళ్లకి మార్చి రెండో వారం. మీ బిల్లు పోయినా పరవాలేదు, మా రిజిస్టరులో ఉంటుంది.

చూసిన ప్రతి చోటా నట్టు మీద నుంచి రాడ్డు మీదకి ఎర్ర పెయింటుతో ఒక అడ్డగీత గీస్తున్నాం. నట్టు ఏమాత్రం తిరిగినా ఆ గీత రెండు ముక్కలవుతుంది. ఏడాదికోసారి, ఎంసీబీ దించాక, ట్రాప్ డోర్ తీసి టార్చి వేసి చూడండి. నాలుగు మూలలా గీత తిన్నగా ఉందా లేదా అంతే. ఒక్కచోట తెగినా ఏసీ మళ్లీ ఆన్ చేయకుండా ఫోన్ చేయండి, ఆ రోజే వస్తాం.