పూడిక తీసే ముందు పోరుమామిళ్ల శాసనం చదవండి

సంపాదకుడు గారికి,

చెరువుల పూడికతీత పనుల మాట మళ్లీ వినిపిస్తోంది. సంతోషమే. అయితే జేసీబీలు చెరువులోకి దిగే ముందు అధికారులు, సాగునీటి సంఘాల వాళ్లు మన కడప జిల్లాలోనే ఉన్న ఒక శాసనాన్ని చదవాలని నా మనవి. అది పోరుమామిళ్ల చెరువు శాసనం.

శక సంవత్సరం 1291, అంటే 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని పాలిస్తూ కట్టించిన చెరువు ఇది. శాసనంలో దీని పేరు అనంతరాజసాగరం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. కొండలనే కట్టలో కలుపుకుని, వాటి మధ్య ఖాళీలకు మాత్రం మట్టికట్టలు వేసి బండలు పరిచారు. 650 ఏళ్లు దాటినా అది చెరువుగానే నిలిచి ఉందంటే ఆ పనివాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

శాసనం చెరువు కట్టించిన వివరాలతో ఆగిపోదు. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండు చెబుతుంది. గట్టి బంకమట్టి నేల, తీయని నీళ్లు తెచ్చే ఏరు, లోతూ వెడల్పూ ఉన్న చెరువు గర్భం, పొడవాటి రాళ్లు దొరికే గని, చదునైన సారవంతమైన ఆయకట్టు, పనితెలిసిన కూలీలు, జలశాస్త్రం చదివిన పండితుడు అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఆరు దోషాలు: కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ కూర్మంలా, అంటే తాబేలు వీపులా మిట్ట తేలడం, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. సరిహద్దు దోషం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నీటి తగాదాలు ఎక్కడ పుడతాయో ఆనాటికే అంత స్పష్టంగా తెలుసు!

ఇప్పుడు మన పూడికతీత సంగతి చూద్దాం. ఎక్కడ మట్టి సులువుగా దొరికితే అక్కడ తవ్వి టిప్పర్లకు ఎత్తితే ఒకచోట గుంత, పక్కనే మిట్ట మిగులుతాయి. అంటే కూర్మదోషాన్ని డబ్బు పెట్టి మనమే తెచ్చుకున్నట్టు. మిట్టల మీద సర్కారు తుమ్మ లేస్తుంది. గుంతల్లో నిలిచిన నీరు తూముకు అందదు. పశువులు దిగబడతాయి, ఈతకు దిగిన పిల్లల ప్రాణాలకూ ముప్పే. కట్ట పాదం దగ్గర తవ్వితే ఇంకా ప్రమాదం, మొదటి దోషమే వచ్చి పడుతుంది. అడుగున నీటిని పట్టి ఉంచే బంకమట్టి పొర దాకా పోకుండా పైన పేరుకున్న ఒండ్రు మాత్రమే తీయాలి. తీసిన ఒండ్రు రైతుల పొలాలకు పోవాలి, వెంచర్లు చదును చేయడానికి కాదు.

ఎగువన నీరు పలచగా నిలిచే అంచును అలాగే వదిలేయాలి. కొంగలు మేత వెతుక్కునేది అక్కడే, చేపపిల్లలు పెరిగేదీ అక్కడే. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ మొలిచే పచ్చిక గొర్రెల కాపరులకు ఎండాకాలం ఆసరా. లెక్కల్లో దాన్ని ఖాళీ జాగాగా చూడటం అన్యాయం.

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు బలైందని మన పెద్దలు చెప్పుకునే కథ ఉంది. ఆ కథలో ఉన్నది గండి అంటే ఊళ్లకు ఉన్న భయం. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయినప్పుడు ఆ భయాన్ని మనమూ చూశాం. కట్టనూ, నిండిన చెరువులో మిగులు నీరు బయటికి పొర్లే మరవనూ ఎప్పటికప్పుడు చూసే మనిషి ఉండాలి. వెనకటికి ఆ పని చేసేవాళ్లకు దశబంధం మాన్యాలు, అంటే ఆ సేవకు ప్రతిఫలంగా భూములు ఇచ్చేవాళ్లు. ఆ ఏర్పాటు పోయింది, దాని స్థానంలో అంత గట్టి బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు.

ఈ శాసనం సంస్కృతంలో ఉంది. సుక్తాంకర్ అనే పండితుడు వందేళ్ల కిందటే దాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. రైతుకు కావలసింది తెలుగు. పన్నెండు అంగాలు, ఆరు దోషాలు తేట తెలుగులో రాయించి ఆ చెరువుకట్ట మీద పెద్ద బోర్డు పెట్టాలి. పూడికతీత అంచనాలు తయారుచేసే ప్రతి ఇంజినీరుకూ ఆ కాగితం ఇవ్వాలి. చెరువు హద్దురాళ్లు నాటి, నీళ్లు తెచ్చే వంకల్లో అడ్డాలు తీయించాలి. మన చెరువులు ఎక్కువగా నిండేది అక్టోబరు, నవంబరు తుపాన్లకే కాబట్టి తూములు, మరవ, కట్ట తనిఖీ సెప్టెంబరులోపే ముగించి, ఆ నివేదికను గ్రామసభలో చదివి వినిపించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బద్వేలు, కడప జిల్లా