ఇంటిపేరొక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సంగీతం పేజీలో ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం) రికార్డింగుల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. కానీ 'తప్పక వినాల్సిన పది' అని ఇచ్చిన జాబితాలో ఒక్క ఆడమనిషి లేదు. వ్యాసం మధ్యలో మాత్రం 'షూమన్ సతీమణి' అనీ, 'మెండెల్సన్ సోదరి' అనీ ఇద్దరు తొంగిచూసి వెళ్లిపోయారు. ఆ సోదరి అక్కో చెల్లెలో కూడా రాయలేదు. అక్క. ఫెలిక్స్ మెండెల్సన్ కంటే మూడేళ్లు పెద్ద. పేరు ఫానీ, పెళ్లయ్యాక ఇంటిపేరు హెన్సెల్.

నేను ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. పేరులో ఒక్క అక్షరం అటూఇటైనా నా కన్ను అక్కడే ఆగిపోతుంది. అలాంటిదాన్ని నేనే బోల్తాపడ్డాను. కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చదవొద్దన్నారు. ఫోన్‌లో ఏదో ఒకటి పెట్టించుకుని వింటూ పడుకునేదాన్ని. ఒకరోజు 'షూమన్, పియానో ట్రియో' మొదలైంది. మూడో మూవ్‌మెంట్‌కి (అంటే రచనలో మూడో భాగానికి) లేచి కూర్చున్నాను. పియానో ఒక్కటే ఓ బాణీ ఎత్తుకుంటుంది, ఏ తొందరా లేకుండా. దాన్ని వయొలిన్ అందుకుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి కుదుపులు, కాస్త కోపం. అది సద్దుమణిగాక మొదటి బాణీ మళ్లీ వస్తుంది, ఈసారి చెల్లో అనే పెద్ద తీగవాద్యం గొంతులో. రాబర్ట్ షూమన్ ఎంత బాగా రాశాడో అని కనబడినవాళ్లందరికీ చెప్పాను. చూపు కుదిరాక ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే, అడుగున చిన్నక్షరాల్లో 'క్లారా' అని ఉంది. ఆయన భార్య. ఓపస్ 17 (అంటే ఆమె రచనల్లో 17వ సంఖ్యది), రాసింది 1846లో.

ఇది నా ఒక్కదాని పొరపాటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఫానీ 1828లో రాసిన 'ఈస్టర్ సొనాటా' రాతప్రతి దొరికితే, అది తమ్ముడిదేనని ఆయన పేరుతోనే రికార్డు తెచ్చారు. ఆమెదని 2010లో గానీ తేలలేదు. (అది సోలో పియానో, ఛాంబర్ కాదు. తెలుసు.) ఇంగ్లిష్ స్వరకర్త రెబెకా క్లార్క్‌ది ఇంకా విడ్డూరం. 1919లో అమెరికాలో సంగీత పోషకురాలు ఎలిజబెత్ కూలిడ్జ్ పెట్టిన పోటీకి 72 రచనలు వచ్చాయి, పేర్లు కనబడకుండా. న్యాయనిర్ణేతలు రెండింటి మధ్య సమానంగా చీలిపోతే కూలిడ్జ్ ఎర్నెస్ట్ బ్లాక్ అనే స్వరకర్త రచన వైపు మొగ్గింది. రెండోది ఎవరిదని చూస్తే ఓ స్త్రీ పేరు, రెబెకాది. అది బ్లాకే పెట్టుకున్న మారుపేరేమో అన్నవాళ్లు కూడా ఉన్నారు! ఆమె పంపిన ఆ వయోలా సొనాటా (వయోలా అంటే వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) మొదట్లో, పియానో ఒక్క కార్డ్ (ఒకేసారి మోగే స్వరాలు) కొట్టి పట్టుకుంటే, వయోలా ఎవరినో కేకేసి పిలిచినట్టు లేస్తుంది. అక్కడ వింటే చాలు, పేరు మళ్లీ మర్చిపోరు.

రికార్డింగులు లేవా అంటే ఉన్నాయి. కానీ ప్రతి మార్చిలో 'మహిళా స్వరకర్తలు' అని వచ్చే ఆల్బమ్‌లతో నాకు చిరాకు. ఒక్కొక్కరి నుంచి ఒక్కో మూవ్‌మెంట్ తుంచి గుదిగుచ్చుతారు. పల్లవి పాడి చరణాలు ఎగ్గొట్టినట్టు. క్లారా మూడో మూవ్‌మెంట్ ఒక్కటీ వింటే అది అందమైన జోలపాటలా ఉండిపోతుంది. ముందు రెండూ విని దాని దగ్గరికి వస్తేనే ఆ చెల్లో బరువు తెలుస్తుంది.

నాకు నచ్చిన పద్ధతి ఎబెన్ క్వార్టెట్ అనే ఫ్రెంచి వాద్యబృందం వాళ్లది. 2013 ఆల్బమ్‌లో ఫెలిక్స్ స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగవాద్యాల రచనలు) రెండు, వాటి పక్కనే ఫానీది, పూర్తిగా. ఆమె దాన్ని 1834లో రాస్తే, తమ్ముడికి ఆ నిర్మాణం నచ్చలేదు. అచ్చయింది 1988లో. అందరూ హుషారుగా మొదలుపెట్టే చోట ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. అందులో మూడో భాగమైన రొమాన్స్, నా చెవికి, తమ్ముడి వాటికి ఏమాత్రం తీసిపోదు. పియానో విద్వాంసుడు క్రిస్టియన్ జిమెర్‌మన్ అయితే పోలిష్ స్వరకర్త గ్రాజినా బాత్సెవిచ్ పియానో క్వింటెట్లు (ఐదు వాద్యాల రచనలు) రెండూ రికార్డు చేశాడు. ఆమెవి స్ట్రింగ్ క్వార్టెట్లే ఏడున్నాయి. ఎలిజబెత్ మకాంకీవి పదమూడు. లూయిజ్ ఫరెంక్ తొమ్మిది వాద్యాల నోనెట్‌కి 1850లో పారిస్‌లో ఎంత పేరొచ్చిందంటే, అప్పటిదాకా మగ ప్రొఫెసర్ల కంటే తక్కువ జీతమిచ్చిన కన్సర్వేటరీ (ఆమె పాఠాలు చెప్పే సంగీత కళాశాల) ఆమెకూ సమానంగా ఇవ్వాల్సి వచ్చింది. ఇన్నుండగా పదిలో ఒక్కటీ దొరకలేదా?

జాబితా మార్చమని అడగను, అది వ్యాసకర్త ఇష్టం. సవరణ మాత్రం వేయండి. 'షూమన్ సతీమణి' అన్నచోట 'ట్రియో ఓపస్ 17 స్వరకర్త క్లారా షూమన్' అనీ, 'మెండెల్సన్ సోదరి' అన్నచోట 'స్వరకర్త ఫానీ హెన్సెల్' అనీ చదువుకోగలరని. అచ్చుకి ముందు ప్రూఫు నాకు పంపితే ఊరికే దిద్దిపెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్