రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా తీరంలో మనుషులు మిగలడం లేదు

గౌరవనీయులైన కేంద్ర రక్షణ మంత్రి గారికి నమస్కారం.

వాతావరణ మార్పు మీద ఉత్తరం రక్షణ శాఖకు ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని సముద్రతీరం. 2018 నవంబరులో మా వైపు మత్స్యకారులు గుజరాత్ దగ్గర వేట చేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చేదాకా డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో ఆడవాళ్లు పడ్డ వేదన అంతా ఇంతా కాదు.

బంగాళాఖాతం ఒడ్డున పుట్టినవాళ్లకు అరేబియా సముద్రంలో ఏం పని? జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా మరబోట్లు నిలుపుకునే సదుపాయం లేక, ఒడ్డు దగ్గర చేప దొరక్క, ఏటా వేల మంది గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతున్నారు. దీనికంతటికీ వాతావరణమే కారణమని నేను అనను. జెట్టీలు కట్టకపోవడం అంతకంటే పాత తప్పు. కానీ సముద్రం వేడెక్కి తుపాన్లు చూస్తుండగానే బలపడుతున్నాయి. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ వేట బందు. వేట ఆగినా వడ్డీ ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాక అక్కడి రైతు కుటుంబాలదీ ఇదే పరిస్థితి. కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఏం తిని బతకాలి?

2008 ముంబై దాడి తర్వాత అధికారులు తీరంలో సభలు పెట్టి, మీరే మాకు కళ్లూ చెవులూ అని మత్స్యకారులకు చెప్పారు. నిజమే. కొత్త బోటు కనబడితే ముందు అనుమానించేది రోజూ వేటకెళ్లేవాళ్లే. వాళ్లే ఊళ్లో లేకపోతే మెరైన్ పోలీసులు ఎంత తీరమని కాపలా కాస్తారు?

తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలోనే ఉంది కాబట్టి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో మీ శాఖకు నేను చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయి రోజుల తరబడి విమానాలు ఆగాయి. ఆ రన్‌వే నౌకాదళానిదే.

వంశధార సంగతి కూడా ఒక మాట. ఆ నది నీటి వాటా కోసం మా రాష్ట్రం, ఒడిశా రెండూ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. వానలు గతి తప్పేకొద్దీ ఇలాంటి తగాదాలు ముదురుతాయని నా భయం.

2021 డిసెంబరులో వాతావరణ మార్పును భద్రతా మండలి పరిధిలోకి తేవాలన్న తీర్మానానికి మన దేశం వ్యతిరేకంగా ఓటేసింది. ఎక్కువ కాలుష్యం చేసిన ధనిక దేశాలు బాధ్యత తప్పించుకోకూడదన్న ఆ వాదన న్యాయమైనదే. అయితే అక్కడ ఎలా ఓటేసినా, ఇక్కడ మన తీరాన్ని మనమే కాపాడుకోవాలి కదా!

చేపల వేట నిషేధం ఉండే 61 రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. తుపాను హెచ్చరికతో వేట ఆగిన రోజులకూ ఇవ్వాలి. జెట్టీల ఖర్చును తీర భద్రత ఖర్చుగా లెక్కించండి, రాష్ట్రంతో కలిసి భరించండి. అన్నిటికంటే ముందు, మావాళ్లు ఎక్కే ప్రతి బోటులోనూ సరిహద్దు దగ్గరపడితే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్ పనిచేస్తూ ఉండేలా చూడండి. నిషేధం ముగిశాక మళ్లీ వలస మొదలవుతుంది. ఈ ఒక్క పని ఆలోపే జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఎచ్చెర్ల మండల తీరం నుంచి ఒక ఉపాధ్యాయురాలు