కుక్కను పడవ ఎక్కించడం తప్పేమీ కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర రాజధాని అనాపోలిస్ గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, ఆ పాత రేవు పట్టణానికి కొందరు తెరచాప పడవల్లో పెంపుడు కుక్కలను కూడా వెంటబెట్టుకుని వస్తారన్న ప్రస్తావన ఉంది. దానిపై ఒక పాఠకుడు లేఖ రాస్తూ, కుక్కకూ నీటికీ పొత్తు కుదరదని, నోరులేని జీవాన్ని గంటల తరబడి నీటి మీద తిప్పడం డబ్బున్నవారి సరదా కోసం చేసే హింసేనని తేల్చేశారు. అనాపోలిస్‌ను ఆనుకుని ఉన్న చెసపీక్ అఖాతానికి దగ్గరలో నివసిస్తూ, ఒకరు వాడి అమ్మేసిన చిన్న పడవలో మా లాబ్రడార్‌తో సహా ఆ రేవుకు వెళ్లి వచ్చే కుటుంబం మాది కనుక ఆయనకు జవాబు చెప్పాలనిపించింది. ఆయన ఆందోళనలో నిజం లేకపోలేదు. కాకపోతే ప్రయాణం మన వీలును బట్టి కాక కుక్క వీలును బట్టి పెట్టుకుంటే ఆ మాట చెల్లదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు చూడవలసింది దాని కాలకృత్యాలు. ఇంట్లో శుభ్రత అలవాటైన కుక్క పడవ మీద ఆ పనికి ఒక పట్టాన ఒప్పుకోదు. ముందు భాగంలో ప్లాస్టిక్ గడ్డి చాప పరిచి ఎంత బతిమాలినా, మాది దాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా వాసన చూసి, మా ముఖాల వంక ఒకసారి చూసి, తిరిగి వచ్చి చుక్కాని పక్కనే పడుకుంటుంది. అందువల్ల ఒక ఒడ్డుకూ మరో ఒడ్డుకూ మధ్య ఎంతసేపు పడుతుందన్నదే మా ప్రయాణానికి హద్దు. దక్షిణాన ఉన్న వెస్ట్ రివర్ అనే నది నుంచి పొద్దున్నే బయలుదేరి, ఇనుప కాళ్ల మీద చెక్క ఇల్లులా నీళ్లలో నిలబడిన 1875 నాటి టామస్ పాయింట్ దీపస్తంభాన్ని దాటి, అనాపోలిస్ ఉన్న సెవర్న్ నది ముఖంలోకి తిరిగేసరికి ఎండ ముదరకూడదు. గాలి పడిపోతే తెరచాపతోనే వెళ్లాలని పంతం పట్టకుండా ఇంజన్ వేసేస్తాం. వేసవి మధ్యాహ్నాల్లో పడమటి నుంచి ఉరుములతో కూడిన గాలివానలు ఉన్నట్టుండి విరుచుకుపడతాయి కనుక పెందలాడే చేరుకోవడం మనుషులకూ మంచిదే.

ఎండ విషయం ఇంకాస్త చెప్పాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా వగర్చడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. పడవ పైతలం (ఫైబర్ డెక్) కాలిపోతుంటే దాని పాదాలు కూడా కాలతాయి. నీడకు ఒక గుడ్డ కట్టి, తాగడానికి మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి, ఎందుకంటే దాహానికి అఖాతంలోని ఉప్పునీళ్లు తాగితే వాంతులు తప్పవు. వీపు మీద పట్టుకునే పిడి ఉన్న లైఫ్ జాకెట్ తొడగనిదే మేము తాడు విప్పం. ఎంత ఈత వచ్చిన కుక్కనైనా తడిసిన ఒంటితో పడవ మీదకు లాగాలంటే ఆ పిడే ఆధారం.

ఇంత శ్రమపడి అక్కడికే ఎందుకంటే, ఆ ఊళ్లో వీధులు నీళ్లలోకి వచ్చి ఆగుతాయి. అమెరికా నౌకాదళ అధికారులకు శిక్షణ ఇచ్చే నౌకా అకాడమీ గోడ ఎదుట, పడవలు కట్టుకోవడానికి నగరపాలక సంస్థ నీటిపై తేలేలా వేసిన బోయాల్లో ఒకదానికి పడవను కట్టి, వెంట ఉన్న చిన్న పడవలో కుక్కను కూర్చోబెట్టుకుని తెడ్డు వేస్తే ఇరుకు కాలవ గుండా కాసేపట్లోనే ఊరి రేవు అయిన సిటీ డాక్ చేరుకుంటాం. పడవల యజమానులు తమ దర్జా చూపించుకోవడానికి వచ్చి తిరిగే ఆ ఇరుకు కాలవకు స్థానికులు వేళాకోళంగా ‘ఈగో ఆలీ’ (అహంకారపు సందు) అని పేరు పెట్టారు. మా తెడ్ల పడవకు అందులో పెద్ద గౌరవమేమీ దక్కదు. 1767లో లార్డ్ లిగోనియర్ అనే ఓడ గాంబియా నుంచి బానిసలను తెచ్చి దింపింది ఈ రేవులోనే. ఆ ఓడలో వచ్చిన కుంటా కింటే తన పూర్వీకుడని ‘రూట్స్’ పుస్తకంలో రాసిన రచయిత అలెక్స్ హేలీ పిల్లలకు చదివి వినిపిస్తున్నట్టున్న కంచు విగ్రహాలు ఒడ్డునే ఉన్నాయి. కారులో వచ్చి నేరుగా పైవీధుల్లోకి వెళ్లేవారు వీటిని చూడకుండానే తిరిగిపోవడం నాకు తెలుసు. నీటి మీద నుంచి చూస్తే ఊరిపైన ముందు కనిపించేది శాసనసభ భవనం చెక్క గుమ్మటం. 1783 డిసెంబరు 23న జార్జ్ వాషింగ్టన్ సర్వసేనాని పదవికి రాజీనామా ఇచ్చింది, 1784 జనవరి 14న బ్రిటన్‌తో యుద్ధాన్ని ముగించిన పారిస్ ఒడంబడికకు ఆమోదముద్ర పడింది ఆ భవనంలోనే.

ఆ పాఠకుడితో నేను పూర్తిగా ఏకీభవించే చోటు కూడా ఉంది. నౌకా అకాడమీ ఆవరణలోకి పెంపుడు జంతువులను రానివ్వరు, శాసనసభ లోపల చూడాలన్నా కుక్కతో కుదరదు. అలాంటప్పుడు దాన్ని మూసిన క్యాబిన్‌లో వదిలి వెళ్లేవారిని నేను కళ్లారా చూశాను, అది హింస కాక మరొకటి కాదు. మేమైతే ఒకరు లోపలికి వెళ్తే మరొకరు దానితో బయట చెట్టు నీడన కూర్చుంటాం. భోజనానికి ఆరుబయట బల్లలు వేసి, కుక్కలను అనుమతించే హోటళ్లు దొరుకుతాయి. పట్టీ విప్పకుండా నడిపించడం, అది చేసిన మలినాన్ని సంచిలోకి ఎత్తడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

కుక్కకూ నీటికీ పొత్తు కుదరదన్న ఆయన వాదన మాత్రం ఈ అఖాతం విషయంలో నిలవదు. 1807లో మేరీలాండ్ తీరంలో మునిగిపోతున్న ఓడ నుంచి కాపాడిన రెండు న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కపిల్లల నుంచే చెసపీక్ బే రిట్రీవర్ అనే కుక్కల జాతి మొదలైందని ఇక్కడ చెప్పుకుంటారు. 1964లో దాన్ని మేరీలాండ్ రాష్ట్ర అధికారిక కుక్కగా ప్రకటించారు.

వేసవి సెలవుల్లో మేరీలాండ్, వర్జీనియాల్లోని పిల్లల దగ్గరకు వచ్చే తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఆ వ్యాసం చదివి ఉంటారు. కుక్క ఉన్న ఇళ్లవారు పడవలో వెళ్లదలిస్తే జూలై, ఆగస్టు మానుకుని మే నెలలోనో సెప్టెంబరు చివరనో వెళ్లమని చెప్పండి. నడి వేసవిలో ఎండకు తోడు కుట్టే జెల్లీచేపలు కూడా అఖాతంలో నిండిపోయి, కుక్కను నీళ్లలోకి దింపే వీలుండదు. అక్టోబరులో పడవల ప్రదర్శన జరిగే రోజుల్లో సిటీ డాక్ వైపు వెళ్లకపోవడమే మంచిది. తదుపరి సంచికలో ఈ నాలుగు ముక్కలూ ప్రచురించగలరని మనవి.

— ఒక పాఠకుడు, మేరీలాండ్