బకింగ్‌హామ్ కాలువ కట్టను నడకబాటగా మార్చాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

విదేశాల్లో రైళ్లు ఆగిపోయిన మార్గాలను ఆయా ఊళ్ల ప్రజలే పూనుకుని నడకదారులుగా, సైకిలు బాటలుగా మార్చుకుంటున్న తీరుపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అప్పటి నుంచి నా ఆలోచన మన తీరం మీదికే పోతున్నది. అక్కడ కార్లు, లారీలు పెరిగి రైలు మార్గాలను మూలబెట్టాయి. ఇక్కడ, నెల్లూరు జిల్లాలో, రైలే వచ్చి అంతకు ముందున్న జలమార్గాన్ని మూలబెట్టింది. ఆ జలమార్గమే బకింగ్‌హామ్ కాలువ. దాని కట్టను, మొదటి విడతగా మైపాడు నుంచి కోడూరు వైపు సాగే భాగాన్ని, తీర గ్రామాల నిర్వహణలో ఉండే నడకబాటగా తీర్చాలనీ, కట్ట ఆనవాళ్లు మిగిలి ఉండగానే ఆ పని మొదలుపెట్టాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి పూనికతో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన తవ్వకం దశాబ్దాల పాటు తీరం వెంట ఉత్తరానికి పొడిగిస్తూ పెదగంజాం దాకా వచ్చింది. అక్కడ కొమ్మమూరు కాలువతో కలవడం వల్ల కృష్ణా డెల్టా నుంచి మద్రాసు వరకూ పడవ మీద పోగలిగే దారి ఏర్పడింది. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని కరువు పనిగా తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు ఈ కాలువకు స్థిరపడింది. మన తీరపు ఉప్పు, ధాన్యం, వంటచెరకు ఈ కాలువ మీదనే మద్రాసుకు చేరేవి. గాలి అనుకూలించని వేళ పడవవాళ్లు కట్ట మీదికి దిగి, భుజాన తాడు వేసుకుని పడవను లాగుతూ నడిచేవారు. అంటే ఈ కట్ట కాలువ తవ్విన మట్టిని పక్కన పోయడం వల్ల ఏర్పడిన దిబ్బ మాత్రమే కాదు, మనుషులు రాత్రింబవళ్లు నడిచిన దారి. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయ్యాక సరకు క్రమంగా పట్టాల మీదికి మళ్లింది. ఆ తరువాత లారీలు వచ్చాయి, 1960వ దశకపు తుపానులు వచ్చాయి, పూడిక తీసేవారు లేకపోయారు.

నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాడిగా కట్టల సంగతి కొంత తెలిసి చెబుతున్నాను. వాడుకలో లేని కట్ట ఒక్కసారిగా పోదు. మొదట చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) మొలిచి మనిషి నడవలేని స్థితి వస్తుంది. మనిషి నడవని చోట ఎవరి చూపూ ఉండదు కనుక, ఒక చోట మట్టి తవ్వుకుపోతారు, మరొక చోట రొయ్యల గుంత గట్టు నాలుగు అడుగులు ముందుకు జరుగుతుంది, ఇంకొక చోట నీటి గొట్టం కోసం గండి పెడతారు. పదేళ్లు గడిచాక సర్వే పటంలో కాలువ పోరంబోకుగా కనిపించే నేల క్షేత్రంలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలిగేవారు ఉండరు. కృష్ణపట్నం రేవు, విద్యుత్ కేంద్రాలు వచ్చిన తరువాత ఈ తీరంలో సెంటు భూమికి కూడా విలువ పెరిగినందున ఈ ప్రమాదం మరింత దగ్గరికి వచ్చింది.

సరిగ్గా ఇదే చిక్కు అమెరికాలో రైలు మార్గాలకు ఎదురైంది. అక్కడ చాలా చోట్ల రైలు కంపెనీలకు భూమి మీద ఉన్నది దారి హక్కు మాత్రమే. రైలు నడపడం మానుకుంటే ఆ నేల ఇరుపక్కల భూయజమానులకు చెందిపోయేది. వంద మైళ్ల మార్గం ముక్కలు ముక్కలుగా చీలిపోతే దాన్ని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. అందుకని 1983లో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెసు జాతీయ బాటల చట్టాన్ని సవరించి, మూసివేయదలచిన రైలు మార్గాన్ని తాత్కాలికంగా నడకబాటగా వాడుకుంటే దాన్ని వదిలివేసినట్లు పరిగణించరాదనీ, భవిష్యత్తులో కావలసి వస్తే అక్కడ మళ్లీ పట్టాలు వేసుకోవచ్చుననీ నిర్ణయించింది. దీన్నే రైల్‌బ్యాంకింగ్ అంటున్నారు. 1990లో ఆ దేశపు సుప్రీంకోర్టు కూడా ఈ సవరణను సమర్థించింది. వ్యాసంలో బాటల అందం గురించి చాలా వివరంగా రాశారు కానీ, నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సంగతి ఇది: ప్రజలు రోజూ నడవడమే ఆ దారిని దారిగా నిలబెట్టింది.

మన కాలువకు ఈ మాట నూటికి నూరు పాళ్లు వర్తిస్తుంది. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను కృష్ణా, గోదావరి నదుల కొన్ని భాగాలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అందులో పెదగంజాం లాకు నుంచి చెన్నై వరకు ఉన్న ఉత్తర బకింగ్‌హామ్ కాలువ పొడవే 316 కిలోమీటర్లు. ఏదో ఒకనాడు పడవలు తిరుగుతాయి కదా, ఈలోగా కట్ట మీద బాట ఎందుకని కొందరు అధికారులు అనవచ్చు. ఆ పడవలు తిరగాలన్నా కట్ట మిగలాలి కదా అన్నదే నా సమాధానం. జలమార్గం వచ్చేదాకా బాట దానికి కాపలా ఉంటుంది. వచ్చిన తరువాత పడవ రేవులకు ఊళ్ల నుంచి చేరే దారిగా పనికివస్తుంది.

బాట అనగానే సిమెంటు పలకలు, రంగు దీపాలు, టిక్కెట్టు గది గుర్తుకు వచ్చే అలవాటు మనకు ఉన్నది. వాటిలో ఏదీ అవసరం లేదు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జడ్) నిబంధనల దృష్ట్యా గట్టి కట్టడాలకు అనుమతి తేవడం కూడా కష్టమే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్, స్పార్టా పట్టణాల నడుమ 51 కిలోమీటర్ల పాత రైలు మార్గాన్ని 1960వ దశకంలోనే బాటగా మార్చినప్పుడు, కంకర తీసిన చోట సున్నపురాతి పొడి పరిచి చదును చేశారు. మనకు ఎర్ర గ్రావెల్ చాలు. చిల్లచెట్లను వేళ్లతో సహా తీయించి, గండ్లు పూడ్చి, నీరు పారవలసిన చోట తూములు వేసి, ఇద్దరు పక్కపక్కన నడిచేంత, ఒక సైకిలు తప్పుకుని పోయేంత వెడల్పున గ్రావెల్ వేసి దిమ్మిస కొడితే బాట సిద్ధమవుతుంది. ట్రాక్టర్లూ టిప్పర్లూ ఎక్కకుండా రెండు కొసలా రాతి స్తంభాలు పాతాలి. ఇది మాత్రం తప్పనిసరి. భారీ బండి ఒక్క వానాకాలం తిరిగితే కట్ట నడుము విరుగుతుంది. మిగిలిన పాత లాకులను ముట్టుకోకుండా వాటి చరిత్ర తెలిపే పలక ఒకటి పెట్టిస్తే బడిపిల్లలను తీసుకువచ్చి చూపించవచ్చు. పెన్నా ముఖద్వారం దగ్గర బాట ఆగక తప్పదు. నదికి ఉత్తరాన ఉన్న ఊటుకూరు వైపు భాగాన్ని వేరుగా, తరువాత చేసుకోవచ్చు.

ఇక మనుషుల సంగతి. కాలువ పక్కనే యానాదుల గుడిసెలు ఉన్నాయి, మత్స్యకారుల వలలు ఆరేసే చోట్లు ఉన్నాయి. బాట పేరుతో వారిలో ఏ ఒక్కరినీ కదిలించరాదు. అలా కదిలించే పథకమైతే ఈ లేఖను వెనక్కి తీసుకుంటాను. న్యూజిలాండులో 1990లో రైళ్లు ఆగిపోయిన ఒటాగో మార్గాన్ని 2000 నాటికి 152 కిలోమీటర్ల సైకిలు బాటగా మార్చినప్పుడు, దారిలోని చిన్న ఊళ్లవాళ్లే బస, భోజనం, సైకిళ్ల అద్దె చూసుకుని, కళ తప్పిన తమ ఊళ్లకు మళ్లీ బతుకుతెరువు తెచ్చుకున్నారు. మైపాడుకు సెలవు రోజుల్లో నెల్లూరు నుంచి జనం ఎలాగూ వస్తారు. ఇసుకలో కాసేపు తిరిగి, తిన్న పొట్లాలు అక్కడే పారేసి వెళ్లిపోతారు. వారిలో కొందరు కట్ట వెంట నడిస్తే వేయించిన చేపలు, తాటిముంజలు అమ్ముకునే ఆడవాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి. కాలువను, అందులోకి వచ్చే పక్షులను, వలవేసే తీరును చూపించే పని యానాది యువకులకే అప్పగించాలి; వారికంటే ఆ నీటిని ఎరిగినవారు లేరు.

మరొక ముఖ్య విషయం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన తీరంలో చాలా చోట్ల సముద్రపు నీటిని ఈ కాలువ తనలోకి తీసుకుని లోపలి ఊళ్లకు చేరే ఉద్ధృతిని తగ్గించింది. గండ్లు పడిన కట్ట, పూడిపోయిన కాలువ ఆ పని చేయలేవు. ప్రతి ఏడూ నవంబరులో తుపాను హెచ్చరికల మధ్య గడిపే తీరానికి, నిత్యం మనుషులు తిరుగుతూ గండిని పడ్డ రోజే గమనించే కట్ట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

జిల్లా కలెక్టరు గారికి, జలవనరుల శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. రెవెన్యూ, జలవనరుల శాఖల సర్వేయర్లు కలిసి, గ్రామసభకు ముందుగా తెలియజేసి, ఊరి పెద్దలతో పాటు మత్స్యకారుల, యానాదుల ప్రతినిధుల సమక్షంలో మైపాడు–కోడూరు భాగంలో కాలువ హద్దులను కొలిపించి రాళ్లు పాతించాలి. చిల్లచెట్లు తీసే పనికి, గండ్లు పూడ్చే పనికి ఉపాధి కూలీలను వినియోగించవచ్చు. నిర్వహణను ఆయా పంచాయతీల ఉమ్మడి సంఘానికి రాతపూర్వకంగా అప్పగించాలి. హద్దురాళ్ల పని మాత్రం ఈశాన్య రుతుపవనాలు రాకముందే, నీళ్లు తక్కువగా ఉన్న వేసవిలోనే పూర్తిచేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా.